కాజాలమ్మ చేతిరాత

జూన్ 2

అమ్మాయికి,

ఇది నా వాంగ్మూలం. నేను చెబుతుంటే పై వాటాలో ఉండే టైపిస్టు రాస్తోంది. రిటైరైనా ఆవిడ చేతికి ఇంకా దురద తీరలేదు.

నన్ను కాజాలమ్మ అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఇంకోటుంది గానీ అది ఆఫీసు కాగితాలకి తప్ప ఎవరికీ పనికిరాలేదు. వయసు డెబ్బై ఒకటి. నువ్వు డెబ్బై మూడంటావు. నేను పుట్టినప్పుడు నువ్వు లేవు కాబట్టి నా లెక్కే లెక్క. ఇంట్లో రెండు గదులు, ఒక కిటికీ, ఒక గోడ గడియారం, నేను, పిల్లి. మీ నాన్న పోయి పన్నెండేళ్ళు. ఆయన కుర్చీలో ఇప్పుడు పిల్లి కూర్చుంటోంది, ఆయన కంటే నయంగానే మాట వింటోంది. నలభై ఆరేళ్ళుగా మాస్టారి టైలరు షాపులో కోట్లకి కాజాలు కుడుతున్నాను. ముందు వాళ్ళ నాన్న దగ్గర, ఇప్పుడు ఈయన దగ్గర. గుండీ దూరే కన్నం చుట్టూ దారం అల్లి అంచు కట్టడమే నా పని. నువ్వు తిన్నదీ, చదివిందీ, బస్సు నడపడం నేర్చుకున్నదీ ఆ కన్నాల్లోంచే.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. చెప్పను. ఫోన్‌లో నువ్వు "ఆఁ? ఏంటమ్మా? వినపడట్లేదు" అనడమే తప్ప నా మాట సాగనివ్వవు. నీ ఫోను పాడయింది, బాగుచేయించుకో. కాగితం మీదైతే నేను ముగించేదాకా నువ్వు నోరు మూసుకుని చదవాలి.

నా మీద మోపిన నేరం ఇదీ: కుడి చెయ్యి వణుకుతోందని. మొన్న దగ్గు మందు కోసం వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నా గొంతు చూడకుండా ఒళ్ళో ఉన్న చెయ్యి చూశాడు. పార్కిన్సన్స్ కావచ్చు, నరాల డాక్టరుకి చూపించండి అని చీటీ రాసిచ్చాడు. దగ్గుకి మందే ఇవ్వలేదు. చీటీ టైపిస్టు చదివింది, చదివి నీకు చేరవేసింది. (చేరవేయమని అడిగింది కూతురే. నా తప్పు లేదు. — టైపిస్టు) నువ్వేమో నన్ను మాటైనా అడగకుండా ఇరవై ఆరో తేదీకి పేరు రాయించేశావు.

ఇప్పుడు నా వాదన విను. సూది పట్టుకుంటే నా చెయ్యి వణకదు. ఖాళీగా ఒళ్ళో పెడితేనే బొటనవేలూ చూపుడువేలూ లేని దారాన్ని పేనుతున్నట్టు ఆడతాయి. అంటే పనిస్తే కుదురుగా ఉంటుంది, పని లేకపోతే అల్లరి చేస్తుంది. దీన్ని జబ్బంటారా, బుద్ధంటారా? నువ్వూ చిన్నప్పుడు ఇంతే. నిన్నెవరికీ చూపించలేదు.

అసలు భయం కూడా చెప్పేస్తాను, దాచడం నాకు చేతకాదు. బ్యాండు మేళం వాళ్ళ ముప్పై కోట్లు కుట్టడానికి వచ్చాయి. ఎర్ర గుడ్డ, కోటుకి ఏడు కాజాలు. ఆ నరాల డాక్టరు "ఇక సూది ముట్టుకోకండి" అన్నాడనుకో, నేను పొద్దున్నే లేచి ఏం చెయ్యాలి? పిల్లిని చూస్తూ కూర్చోనా? అందుకని నేను రాను. ఇదే నా ఆఖరి మాట, ఇంకా చెప్పాల్సినవి ఉంటే మళ్ళీ రాయిస్తాను.

ఇట్లు, కాజాలమ్మ వేలిముద్ర.
సాక్షులు: టైపిస్టు. పిల్లి (సంతకం పెట్టలేదు గానీ మొత్తం చూసింది).


జూన్ 6

అమ్మా,

నీ వాంగ్మూలం డిపోలో టీ తాగుతూ చదివాను. మొదటి పేజీకే నవ్వొచ్చి టీ ఒలకబోసుకుంటే అందరూ చుట్టూ చేరారు, పైకి చదవక తప్పలేదు. తీర్పు విను: పద్నాలుగో నంబరు బస్సు సిబ్బంది మొత్తం నీ పక్షం. డాక్టరు పక్షాన నేనొక్కదాన్నే మిగిలాను.

నా ఫోను బాగానే ఉందమ్మా. అందులో లోకమంతా వినపడుతోంది. ఏడాది నుంచీ నువ్వే గొంతు తగ్గించేశావు. ఇంట్లోంచి ఒక్క కేక వేస్తే నేను నాలుగో వీధిలో ఆట ఆపి పరిగెత్తుకొచ్చేదాన్ని, గుర్తుందా? ఆ గొంతు ఏమైందో నాకు కావాలి. అదీ డాక్టరుకి చెప్పాలి.

ఆసుపత్రి వాళ్ళు ఒక కాగితం పంపారు, మొదటిసారి వచ్చే ముందు ఏమేం సిద్ధం చేసుకోవాలో. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను, టైపిస్టు గారు నీకు రెండుసార్లు చదివి వినిపించాలి. వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రావాలి, దగ్గు మందుతో సహా. చెయ్యి ఎప్పటి నుంచి వణుకుతోంది, ముందు ఏ వైపు మొదలైంది, ఏ వేళ ఎక్కువ, ఇవి రాసుకోవాలి. వాసనలు తెలుస్తున్నాయా, నిద్రలో తన్నడం, అరవడం ఉందా, మలబద్ధకం ఉందా, ఎప్పుడైనా పడ్డారా, గొంతు తగ్గిందా, ముఖంలో నవ్వు తగ్గిందా. అడగాలనుకున్న ప్రశ్నలు ముందే రాసుకోవాలి. దగ్గరివాళ్ళు ఒకరు వెంట రావాలి. పాతదీ కొత్తదీ చేతిరాత తెచ్చుకోవాలి, ఎందుకంటే ఈ జబ్బులో అక్షరాలు రానురాను చిన్నవైపోతాయట. అక్కడ వేళ్ళు టపటపా కొట్టమంటారు, నడవమంటారు, వెనక నుంచి భుజాలు పట్టి లాగుతారు. చెప్పకుండా లాగితే నువ్వు చెంప పగలగొడతావని ముందే చెబుతున్నా.

ఇరవై ఐదూ, ఇరవై ఆరూ సెలవు పెట్టాను. వెంట నేనే వస్తాను. రానని మాత్రం అనకు, ఇక్కడ కండక్టర్లకి ఏం చెప్పుకోను?

నీ డ్రైవరమ్మ.


జూన్ 10

డ్రైవరమ్మకి,

నువ్వు అంత లిస్టు పంపావు కాబట్టి వస్తాను. అది పరీక్ష అని ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. పరీక్షంటే నాకు భయం లేదు, ఎప్పుడూ రాయలేదు కాబట్టి ఎప్పుడూ తప్పలేదు. రెండు రోజులుగా సాధన చేస్తున్నాం. పాసయ్యామంటే ఇక ఎవరూ నా సూది జోలికి రారు.

పొద్దున వీధిలో నడక. కుడి చెయ్యి ఊగడం లేదని టైపిస్టు అంది, అందుకని రెండు చేతులూ సిపాయిలా ఊపుతూ వెళ్ళాను. కూరగాయల బండివాడు భయపడి పక్కకి తప్పుకున్నాడు. తర్వాత గడియారం టక్కుటక్కుకి సరిగ్గా వేళ్ళు కొట్టడం. ఎడమ చెయ్యి గడియారాన్ని ఓడించింది. కుడిది మధ్యలో నిద్రపోయింది గానీ ఇంకా పదహారు రోజులుంది. ఆ తర్వాత అద్దంలో నవ్వు. నేను బాగానే నవ్వాననుకున్నాను. టైపిస్టు "అక్కయ్యా, మొదలుపెట్టండి" అంది. ఇక వెనక నుంచి లాగడం. ఆవిడ లాగింది, నేను మంచం మీద పడ్డాను, నా మీద ఆవిడ పడింది, మా ఇద్దరి కింద పిల్లి. (పిల్లి క్షేమం. నా నడుము ఇంకా నొప్పి. — టైపిస్టు)

జవాబులు కూడా సిద్ధం. వాసనలు తెలుస్తాయి. నిన్న పైన పాలు మాడి వీధంతా కంపు కొట్టిందట, నాకు రాలేదు, అది మధ్యలో ఉన్న కప్పు తప్పు. నిద్రలో తన్నను. పిల్లి మంచం వదిలి కుర్చీకి మారింది దాని ఇష్టం కొద్దీ. పడలేదు. మెట్లు ఒకసారి నా కాలికి అడ్డమొచ్చాయి, అది పడటం కాదు.

చేతిరాత ఒక్కటే చిక్కు. నాకు చేతిరాత ఎక్కడిదే? వేలిముద్ర చిన్నదవుతుందా? కానీ అడిగినది లేకుండా ఖాళీ చేతులతో వెళ్తే చిన్నచూపు చూస్తారు. అందుకని టైపిస్టు చేత రాయించాను. ఆవిడ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. ఆవిడ ట్రంకుపెట్టెలోంచి పాతికేళ్ళ నాటి కాగితం ఒకటి, నిన్నటిది ఒకటి, రెండూ సంచిలో పెట్టాను. రెండూ ఒకే కొలత. ఇందులో మనకి నూటికి నూరు.

ఇట్లు, కాజాలమ్మ వేలిముద్ర.
సాక్షి: టైపిస్టు (చేతిరాత విషయంలో తనకి బాధ్యత లేదంటోంది).


జూన్ 13

అమ్మా,

పది నిమిషాల్లో బస్సు తియ్యాలి, గబగబా రాస్తున్నాను.

అది పాసవ్వాల్సిన పరీక్ష కాదు. నా బస్సు బ్రేకులో చప్పుడొస్తోందని మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళి, ఆయన ముందు మాత్రం చప్పుడు రాకుండా మెల్లగా నడిపి చూపిస్తే ఎవరికి లాభం? నువ్వు ఆయన ముందు వణకాలి. పాల వాసన రాలేదని చెప్పాలి. మెట్ల సంగతి చెప్పాలి. టైపిస్టు గారి అక్షరాలు చూపిస్తే మందులు ఆవిడకి రాసిస్తారు.

నీ చేతిరాత సంగతి నాకొదిలెయ్. మాస్టారితో మాట్లాడాను, ఆయన ఒప్పుకున్నారు. ఏమిటని మాత్రం అడక్కు, వచ్చాక చెబుతాను.

నీ డ్రైవరమ్మ.


జూన్ 17

అమ్మాయికి,

నువ్వు మాస్టారితో ఏం మాట్లాడావో నాకు తెలిసిపోయింది. వచ్చాక చెప్పక్కర్లేదు.

సోమవారం పళ్ళ డాక్టరు షాపుకొచ్చి బూడిదరంగు కోటు బల్ల మీద పెట్టాడు. అది నేను కుట్టిన కోటు. ఆయన వెనకే స్టేషన్‌మాస్టరు భార్య, భర్త పెళ్ళి కోటుతో. మధ్యాహ్నానికి ఇంకో ముగ్గురు. అన్నీ నా కాజాలే, నా కుట్టు నాకు తెలియదా? మాస్టారు నన్ను చూసి వాటిని బల్ల కిందకి తోసేశాడు. ఏమిటివి అంటే "ఏం లేదమ్మా, ఊరికే" అన్నాడు. నలభై ఆరేళ్ళలో నేను కుట్టిన కోటు ఒక్కటి వెనక్కి రాలేదు. ఇప్పుడు ఒక్క రోజులో అయిదు. నా చెయ్యి వణుకుతోందని నువ్వు ఆయనకి చెప్పావు, ఆయన ఊరంతా చెప్పాడు, నేను కుట్టినవి ఊడిపోతాయని జనం తిరిగిచ్చేస్తున్నారు. పైగా మూలన ఒక కొత్త పెట్టె దిగింది. కాజాలు కొట్టే మిషనట. నిమిషానికి ఎన్నో కొడుతుందట.

నేను సంచి సర్దుకుని వచ్చేశాను. ముప్పై ఎర్ర కోట్లూ ఆ మిషనుకే ఇచ్చుకోమను. డాక్టరు దగ్గరికి రాను. ఆయన మానమనేలోపు మీరే మాన్పించారు, ఇంకేం అడగను ఆయన్ని?

నీ బస్సు జాగ్రత్త. నీ మీద కోపమొచ్చింది గానీ ఎండలో టోపీ పెట్టుకో.

వేలిముద్ర.
సాక్షి లేదు. నాకెవరి సాక్ష్యమూ వద్దు.

(ఇది నేను సొంతంగా కలుపుతున్నాను. మూడు రోజులుగా సూది పట్టలేదు. చెయ్యి ఒళ్ళో అలా ఆడుతూనే ఉంది, రెండో చేత్తో పట్టుకుని కూర్చుంటున్నారు. తొందరగా రాయండి. — టైపిస్టు)


జూన్ 19

అమ్మా,

ఈ ఉత్తరం మీ వైపు వచ్చే డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, పోస్టు మీద నమ్మకం లేక. ముందు తిట్టుకో, తర్వాత విను.

ఆ కోట్లు ఎవరూ తిరిగివ్వలేదు. నేనే అడిగి తెప్పించాను.

నీ జూన్ 10 ఉత్తరం చదివాక నాకు సిగ్గేసింది. చేతిరాత తెమ్మని నీకు రాశానే, ఒక్క క్షణం ఆలోచించలేదు. సాయంత్రం ఆఖరి స్టాపులో బస్సు ఆపి కూర్చున్నప్పుడు నా యూనిఫారం కోటు కాజా మీద వేలు పెట్టాను. పోయిన చలికాలం నువ్వు కుట్టి పంపినది. పక్కనే పాత కోటు ఉంది, ఉద్యోగంలో చేరినప్పుడు కుట్టిచ్చావు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. అమ్మా, నీకు చేతిరాత లేదని ఎవరన్నారు? ఊరంతా దాన్ని గుండెల మీద వేసుకుని తిరుగుతోంది.

వెంటనే మాస్టారికి ఫోన్ చేసి, నలభై ఆరేళ్ళలో ఏడాదికో కోటు చొప్పున దొరికినన్ని రెండు వారాలకి అరువు తెప్పించమన్నాను. నీకు ముందే చెబితే నువ్వు వాటిని ఇస్త్రీ చేసి, ఊడినవి మళ్ళీ కుట్టి, పరీక్షకి సిద్ధం చేస్తావని దాచాను. అదే తప్పయింది. మిషను గురించి నాకేం తెలియదు, అది నువ్వూ ఆయనా తేల్చుకోండి.

ఇంకో చేదు మాట. నా జోడీ డ్రైవరు కాలు విరగ్గొట్టుకున్నాడు, నా సెలవు రద్దు చేశారు. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. టైపిస్టు గారూ మాస్టారూ నీ వెంట వస్తారు, ఇద్దరితోనూ మాట్లాడాను. డాక్టరు సూది మానమంటే ఏం చెయ్యాలన్నావు. అది ఆయన చెప్పేదాకా ఎదురుచూడకు. నీ మొదటి ప్రశ్నగా నువ్వే అడుగు.

షాపుకెళ్ళు అమ్మా. వెళ్ళి చూడు.

నీ డ్రైవరమ్మ. టోపీ పెట్టుకునే ఉన్నాను.


జూన్ 22

డ్రైవరమ్మకి,

వెళ్ళాను. మాస్టారు షట్టరు సగం దించి, పెద్ద బల్ల మీద పదకొండు కోట్లు పరిచాడు. ప్రతి కోటు లోపలి జేబులో మా షాపు పట్టీ మీద ఏడాది ఉంటుంది కదా, ఆ వరుసలో పెట్టాడు. నేను ఆ మొదటి కోటు దగ్గర నిలబడి ఆఖరిదాకా వేలితో తడుముకుంటూ వెళ్ళాను. నాకు ఎవరూ చదివి చెప్పలేదు.

నువ్వు కడుపులో ఉన్నప్పటి కోటు ఉంది. కుట్టు కొంచెం బద్ధకంగా ఉంది, వాంతులు అప్పుడు. మీ నాన్న పోయిన ఏటిదాంట్లో దారం మరీ బిగిసింది, గుండీ కష్టంగా దూరుతుంది, పాపం ఆ కోటు తొడుక్కునే పెద్దమనిషి పన్నెండేళ్ళు ఒక్క మాట అనలేదు. నీకు లైసెన్సు వచ్చిన ఏడాది ఒక్క పొల్లు కుట్టు లేదు, మిషను చూసినా సిగ్గుపడుతుంది.

ఇక ఈ మధ్య మూడేళ్ళవి. మొదలు బాగానే ఉంది. కన్నం సగం తిరిగేసరికి కుట్టు చిన్నదవుతోంది, చివరికొచ్చేసరికి చీమలబారు. నేను ఎప్పటిలాగే కుడుతున్నాననే అనుకున్నానే. నాకు చెప్పకుండా ముడుచుకుపోయింది. మాస్టారు స్టూలు తెచ్చి వేశాడు.

మిషను సంగతీ అడిగాను. అది లోపలి జేబులకీ చేతుల అంచులకీ అట, ముందు వైపు ఏడూ ఎప్పటికీ నావేనట. "ఆరు నెలల నుంచీ మీరు సాయంత్రాలు నీరసపడుతున్నారు, చెప్పడానికి ధైర్యం చాలక కొన్నాను" అన్నాడు. వాళ్ళ నాన్నకి కూడా ధైర్యం చాలేది కాదు. వంశం అది.

కాబట్టి నేరం ఒప్పుకుంటున్నాను. చెయ్యి వణుకుతోంది. పాల వాసన రాలేదు. మెట్ల మీద పడ్డాను. పిల్లిని తన్నాను. ఇవన్నీ టైపిస్టు కాగితం మీద వరుసగా రాసింది, ఈసారి ఆవిడ చేతిరాత సరైన పనికి వాడుతున్నాం. నువ్వు రాలేవని బాధపడకు. బస్సు ఎవరో ఒకరు నడపాలి.

కాజాలమ్మ వేలిముద్ర.
సాక్షులు: టైపిస్టు, మాస్టారు.


జూన్ 28

డ్రైవరమ్మకి,

ఇరవై ఆరో తేదీ ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. డిపోలో పైకి చదవొచ్చు.

మందుల సంచి నా చేతిలో, కాగితాలు టైపిస్టు చేతిలో, పదకొండు కోట్లూ మాస్టారి రెండు భుజాల మీద. గుమ్మం దగ్గర చీటీలు రాసే అమ్మాయి ఆయన్ని చూసి "లాండ్రీ వాళ్ళు వెనక వైపు నుంచి రావాలండీ" అంది. మాస్టారు "ఇవి ఈవిడ రిపోర్టులు" అన్నాడు. ధైర్యం లేదన్నాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నరాల డాక్టరు మగాడనుకున్నాను నేను. ఆడపిల్ల, నీకంటే చిన్నది. కూర్చోగానే చెప్పాను: "డాక్టరమ్మా, నా మొదటి ప్రశ్న. నన్ను సూది మానమంటావా? ఆ జవాబు చెబితేనే మిగతా అన్నింటికీ ఒప్పుకుంటాను." ఆవిడ "ముందు చూడనివ్వండి, దాచకుండా చెబుతాను" అంది. సరే, న్యాయంగానే ఉందనిపించింది.

వేళ్ళు కొట్టాను, కుడిది మధ్యలో నిద్రపోయింది, పోనిచ్చాను. నడిచాను, చెయ్యి ఊపకుండా దానిష్టానికి వదిలేశాను. ఒళ్ళో చెయ్యి పెట్టి వందనుంచి వెనక్కి లెక్కపెట్టమంది. లెక్క తప్పలేదు గానీ చెయ్యి తెగ వణికింది. నీ మాట ప్రకారం వణకనిచ్చాను. ఎవరి ముందైనా అలా వణకడం నా జన్మలో ఇదే మొదలు. పెద్ద కష్టమేం అనిపించలేదు. వెనక నుంచి లాగుతానంటే "లాగమ్మా" అన్నాను. ఒకడుగు వెనక్కి వేసి నిలబడ్డాను. టైపిస్టు చప్పట్లు కొట్టింది.

అప్పుడు కాగితం, పెన్ను ఇచ్చి లోపల్నుంచి బయటికి చుట్టలు చుట్టలుగా ఒక గీత గియ్యమంది. పెన్ను ఎప్పుడూ పట్టలేదన్నాను. ఆవిడ కాసేపు తికమకపడింది. నేను జాకెట్టుకి గుచ్చుకున్న సూది తీసి, మాస్టారి చేతిరుమాలు లాక్కుని, ఎర్ర దారంతో ఆ చుట్ట కుట్టిచ్చాను. పావుగంట పట్టింది. బయట జనం తలుపు తట్టారు, ఆవిడ ఉండమంది. సూది పట్టగానే చెయ్యి కుదురుకోవడం, చుట్ట బయటికి వెళ్తున్నకొద్దీ కుట్టు చిన్నదవడం, రెండూ ఆవిడ వంగి చూసింది. అప్పుడు మాస్టారు కోట్లు పరిచాడు. బల్ల చాలక రోగులు పడుకునే మంచం మీద కూడా. ఆవిడ మొదటి కోటు నుంచి ఆఖరిదాకా నడిచింది, మళ్ళీ వెనక్కి నడిచింది. "ఇంత వివరంగా రాసుకొచ్చినవాళ్ళు నా దగ్గరికి ఎవరూ రాలేదు" అంది. రాసుకొచ్చినవాళ్ళు అంది, విన్నావా? నన్ను.

ఇప్పుడు జవాబు. పార్కిన్సన్సే అనుకుంటోందట. ఒక మాత్ర ఇచ్చింది, దానికి చెయ్యి ఏమంటుందో చూసి ఆరు వారాలకి మళ్ళీ రమ్మంది. పూర్తిగా పోతుందా అని మాస్టారు అడిగాడు. పోదు, కానీ మందూ కసరత్తూ సరిగ్గా ఉంటే చాలా ఏళ్ళు బాగా ఉండొచ్చు అంది. నేనన్నాను, మా ఆయనతో ముప్పై నాలుగేళ్ళు వేగాను, ఇదేం చేస్తుంది నన్ను. ఆవిడ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఈసారి ముఖం మీదకి వచ్చిందని టైపిస్టు సాక్ష్యం. (వచ్చింది. నిజం. — టైపిస్టు)

సూది మానమనలేదు. కుట్టమంది. మాత్ర వేళకి వేసుకుని, అలిసినప్పుడు ఆపి, కావాలని పెద్దగా కుట్టమంది. ప్రతి కుట్టుకీ "పెద్దది" అని నాకు నేనే చెప్పుకోవాలట, గట్టిగా, గొంతుకి కూడా అదే మందట. నిన్న షాపులో మొదటి ఎర్ర కోటుకి ఏడు కాజాలూ "పెద్దది, పెద్దది" అని అరుస్తూ కుట్టాను. వీధిలో వెళ్ళేవాళ్ళు లోపలికి తొంగిచూశారు. మిషను ఒక్క మాట మాట్లాడలేదు.

ఆరు వారాల దాకా వారానికొక గుర్తు పెట్టుకోమంది, మందు పనిచేస్తోందో లేదో తెలియడానికి. మిగతావాళ్ళయితే వారానికో వాక్యం రాస్తారట. నేను రాసేది నీకే కాబట్టి నీకే పంపుతాను, అన్నీ దాచి ఉంచు. ఈ కాగితం అడుగున చిన్న ఎర్ర గుడ్డముక్క కుట్టి ఉంది చూడు, అందులో ఒక కాజా. కవరులో ఒక గుండీ కూడా ఉంది. దూర్చి చూడు. మొదటి కుట్టూ ఆఖరి కుట్టూ ఒకే కొలత వచ్చాయో లేదో వేలితో చదువుకో. చదివాక ఫోన్ చెయ్. ఈసారి నీకు వినపడతాను.

ఇట్లు, కాజాలమ్మ. వేలిముద్ర వెయ్యడం లేదు. అడుగున కుట్టిందే నా సంతకం.
సాక్షులు: పై వాటా టైపిస్టు. టైలరు మాస్టారు, చేతిరుమాలు పోయినందుకు అభ్యంతరం లేదంటూ.